పాస్‌వర్డ్ సరైందే, మరి లోపలికి ఎందుకు రానివ్వడం లేదు?

ప్రశ్న: అన్నా, తిరుపతి కొర్లగుంటలో నాకు చిన్న ఆన్‌లైన్ సెంటరు ఉండాది. డీటీపీ, జిరాక్సు, దర్శనం టికెట్లు, పరీక్ష ఫీజులు అన్నీ చేస్తాము. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయినాయని మా నాలుగో తరం ఐ3 కంప్యూటర్‌లో లినక్స్ మింట్ వేయించినాము. బాగానే నడిచింది. ఈమధ్య రెండో కంప్యూటర్ చెడిపోతే, దాంట్లోని నా ఫోల్డరు మొత్తాన్ని మా ఆడబిడ్డ కొడుకు దీంట్లోకి కాపీ చేసినాడు. మామూలుగా కాపీ కాలేదని ‘రూట్‌గా తెరువు’ అని ఏదో నొక్కి చేసినాడు. ఆ రోజే టేబుల్ జరిపి మానిటర్ కేబుల్ కూడా మార్చినాము. తెల్లారి చూస్తే, పాస్‌వర్డ్ కొట్టినాక తెర ఒక్క క్షణం నల్లగా అయి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది. తప్పు కొడితే తప్పని చెబుతుంది, సరైంది కొడితే ఏమీ చెప్పదు. మా పిల్లోడి అకౌంటు మాత్రం తెరుచుకుంటా ఉండాది. అయితే దాంట్లోనూ, లాగిన్ తెర మీదా అక్షరాలు ఇంత లావున కనిపిస్తాయి. సైజు 1024×768 కన్నా పెంచనివ్వదు. రిపేరు ఆయన ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు. పెళ్లి కార్డుల మ్యాటరంతా అందులోనే ఉండాది. ఏం చేసేది?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మా, ముందుగా ఫార్మాట్ మాట పక్కన పెట్టండి. మీ పెళ్లి కార్డులు ఎక్కడికీ పోలేదు. ఇంకో మాట, మీకు వచ్చింది ఒక సమస్య కాదు, రెండు. ఒకే రోజు మొదలైనాయి కాబట్టి ఒకటే అనుకున్నారు. లాగిన్ గొడవ మీ ఫోల్డర్లో ఉంది, లావు అక్షరాల గొడవ దాదాపుగా మీరు మార్చిన కేబుల్లో ఉంది. ఇది నేను జోస్యం చెప్పడం కాదు, మీ ఉత్తరంలో ఉన్నదే.

ఎలాగంటే, తప్పు పాస్‌వర్డ్ కొడితే తప్పని చెబుతోంది. సరైంది కొడితే తెర నల్లగా అయి తిరిగి వస్తోంది. అంటే కంప్యూటర్ మిమ్మల్ని గుర్తుపట్టింది. కొండ మీద టికెట్ స్కాన్ అయి లోపలికి వదిలినాక కంపార్ట్‌మెంట్ తలుపు తెరుచుకోక మళ్లీ బయటికే తోసినట్టుంది వ్యవహారం. టికెట్లో తప్పు లేదు. కాబట్టి పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. చాలామంది ఇక్కడే రికవరీలోకి పోయి పాస్‌వర్డ్ మార్చుకుని, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ అదే తెర ముందుకు వచ్చి నిలబడతారు.

ఇక మీ పిల్లవాడి అకౌంటు తెరుచుకుంటోంది. ఆ ఒక్క ముక్కతో చాలా అనుమానాలు తీరిపోయాయి. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడిపోయి ఉంటే ఆ అబ్బాయిదీ తెరుచుకోదు. డిస్కు పూర్తిగా నిండిపోయినా, అప్‌డేట్ సగంలో ఆగి సిస్టమ్ చెడినా అంతే. అతనికి అన్నీ బాగుండి మీకు మాత్రమే బాగాలేదంటే తేడా మీ హోమ్ ఫోల్డర్లోనే, అంటే మీ పేరుతో ఉండే సొంత ఫోల్డర్లోనే, ఉన్నట్టు. రిపేరు ఆయన ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఫార్మాట్ మాట ఎత్తేవాడు కాదు. ఫార్మాట్ అనేది రిపేరు చేసేవాళ్లకు సుఖం, డబ్బులు కూడా వస్తాయి. ఫైళ్ల సొంతదారులకు మాత్రం ఆఖరి దారి.

మీ ఆడబిడ్డ కొడుకు చేసిన పని ఏమిటో ఇప్పుడు చూద్దాం. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. మీ అకౌంటులో మీరు చేసిన ఫైళ్లకు మీరు యజమాని. రూట్ అంటే సిస్టమ్ మొత్తం మీద సర్వాధికారాలు ఉన్న అకౌంటు. ‘రూట్‌గా తెరువు’ అని నొక్కితే ఫైళ్ల కిటికీ పైన ఎర్ర పట్టీ ఒకటి వస్తుంది, గమనించే ఉంటారు. ఆ ఎర్ర పట్టీ ఉన్న కిటికీలో ఏది అతికించినా సాధారణంగా దానికి యజమాని రూట్ అవుతాడు, మీరు కారు. పాత కంప్యూటర్లో మీ ఫోల్డర్ పేరు, ఇక్కడి ఫోల్డర్ పేరు ఒకటే అయుంటే ‘కలపాలా, పాతవాటి స్థానంలో పెట్టాలా’ అని అడిగి ఉంటుంది. మీ ఆడబిడ్డ కొడుకు అన్నిటికీ సరే అని ఉంటాడు. పెళ్లి కార్డులతోపాటు కంటికి కనిపించని ఫైళ్లు కూడా వచ్చి పడ్డాయి. పేరు ముందు చుక్క ఉన్న ఫైళ్లు మామూలుగా కనబడవు. కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడతాయి.

వాటిలో ఒకటి చుక్క ఎక్స్అథారిటీ. మింట్‌లో లాగిన్ తెరను చూసుకునే ప్రోగ్రామ్ పేరు లైట్‌డీఎం. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ అది ఈ ఫైల్లో ఒక రహస్య సంకేతం రాస్తుంది. మీ డెస్క్‌టాప్ ఆ సంకేతం చూపిస్తేనే తెర మీద బొమ్మ గీయడానికి ఎక్స్ విండో అనే, తెర బొమ్మలు చూసుకునే వ్యవస్థ ఒప్పుకుంటుంది. ఆ సంకేతానికి అసలు పేరు ఎంఐటీ మ్యాజిక్ కుకీ. ఎక్స్ విండో వ్యవస్థ 1984లో ఎంఐటీలో పుట్టింది, అప్పటి కుర్రాళ్ల సరదా ఇంకా అలాగే నిలిచిపోయింది. సరే, ఆ ఫైలుకు యజమాని రూట్ అయిపోతే మీ పేరుతో అందులో ఏమీ రాయలేరు, చదవలేరు. డెస్క్‌టాప్ మొదలుపెడుతుంది, సంకేతం దొరకదు, ఆగిపోతుంది. మళ్లీ లాగిన్ తెర. ఎందుకు ఆగిందో చెప్పాలంటే తెర ఉండాలి కదా, అందుకే ఏమీ చెప్పకుండా వెనక్కి పంపేస్తుంది. చుక్క కాన్ఫిగ్, చుక్క క్యాష్ అనే ఫోల్డర్లు రూట్ చేతిలోకి పోయినా ఇంచుమించు ఇదే గతి.

బాగు చేయడం పెద్ద పనేమీ కాదు. కమాండ్లను ఫోన్‌లో చెప్పినట్టు పలికే తీరులోనే రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట చెబుతాను. లినక్స్‌కు చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు.

లాగిన్ తెర ముందే ఉండి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. నల్లటి తెర మీద లాగిన్ అని అడుగుతుంది. భయపడకండి, ఇదీ మీ కంప్యూటరే, బొమ్మలు లేని తలుపు. యూజర్ పేరు కొట్టి ఎంటర్, తరవాత పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని చాలామంది ఇక్కడ వదిలేస్తారు. పడకపోయినా కొట్టండి, ఎంటర్ నొక్కండి. నంబర్లు ఉన్న పాస్‌వర్డ్ అయితే కుడి పక్క నంబర్ మీటలు కాకుండా పైవరసలోవి వాడండి, నమ్‌లాక్ గొడవ ఉండదు.

లోపలికి వచ్చారు అంటేనే మీ పాస్‌వర్డ్ బాగుందని రుజువైపోయింది. ఇప్పుడు డీఎఫ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ హెచ్ కొట్టి ఎంటర్. డిస్కులో ఎంత నిండిందో, ఎంత ఖాళీ ఉందో వరసగా వస్తుంది. చివర ఒట్టి స్లాష్ గుర్తు మాత్రమే ఉన్న వరసలో వాడుక 100 శాతం కాకుండా ఉంటే చాలు. పాత ఫోల్డరు మొత్తం తెచ్చి పోశారు కాబట్టి ఎంత మిగిలిందో ఎలాగూ తెలుసుకోవాలి.

తరవాత ఫైండ్, స్పేస్, చుక్క, స్పేస్, హైఫన్ యూజర్, స్పేస్, రూట్. యూజర్ అనే మాటను హైఫన్‌కు ఆనించి కొట్టండి. మీ ఫోల్డర్లో రూట్ సొంతం చేసుకున్న ఫైళ్లన్నీ బయటికి వస్తాయి. మామూలుగా ఒక్కటీ రాకూడదు. మీకు మటుకు తెర నిండా పేర్లు పరిగెత్తుతాయని నా అంచనా. అవి వస్తే రోగం దొరికినట్టే.

ఇక మందు. ఫైళ్లన్నిటి యజమానినీ తిరిగి మీ పేరుకు మార్చే కమాండు ఇది. ఇందులో సుడో అంటే ఆ ఒక్క కమాండును రూట్ అధికారంతో నడపమని. మీ యూజర్ పేరు షాప్ అనుకుందాం. సుడో, స్పేస్, తరవాత సీ హెచ్ ఓ డబ్ల్యూ ఎన్ అక్షరాలు కలిపి, స్పేస్, హైఫన్ పెద్ద ఆర్, స్పేస్, షాప్ కోలన్ షాప్, స్పేస్, స్లాష్ హోమ్ స్లాష్ షాప్. చివరి ముక్కలో ఎక్కడా స్పేస్ పడకూడదు. స్లాష్ అంటే ప్రశ్నార్థకం ఉన్న మీట మీది గీత, ఎంటర్ పైన ఉండేది కాదు. మొదటి స్లాష్‌కూ హోమ్‌కూ మధ్య స్పేస్ పడితే మాత్రం కంప్యూటర్ ‘మొత్తం సిస్టమ్‌కు ఈమెనే యజమాని చేయమంటున్నారు’ అని అర్థం చేసుకుని ఆ పనే చేస్తుంది. అప్పుడు సుడో కూడా పనిచేయడం మానేస్తుంది, నిజంగానే ఫార్మాట్ దాకా పోవాల్సి వస్తుంది. కాబట్టి ఎంటర్ నొక్కేముందు ఆ ఒక్క వరసను వేలు పెట్టి చదువుకోండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో కూడా చదివించండి. పాస్‌వర్డ్ అడుగుతుంది, కొట్టండి. అంతా బాగుంటే ఏమీ చెప్పకుండా కింద వరసకు దిగుతుంది. లినక్స్ మౌనంగా ఉందంటే పని అయిందని అర్థం.

ఆ మ్యాజిక్ కుకీ ఫైలును కూడా పక్కకు జరిపేద్దాం. ఎంవీ, స్పేస్, చుక్క పెద్ద ఎక్స్ తరవాత చిన్నక్షరాల్లో అథారిటీ, స్పేస్, పాతకుకీ అని ఏదో ఒక పేరు. చెరిపేయడం లేదు, పేరు మారుస్తున్నాం. కొత్తది తనంతట తానే పుడుతుంది. ఎగ్జిట్ అని కొట్టి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7 నొక్కితే మింట్‌లో మళ్లీ లాగిన్ తెరకు వస్తారు. ఇప్పుడు పాస్‌వర్డ్ కొట్టండి.

నూటికి తొంభై పాళ్లు ఇక్కడితో మీ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. రాకపోతే మళ్లీ ఎఫ్3 తెరకు పోయి, ఎంవీ కమాండుతోనే చుక్క కాన్ఫిగ్ ఫోల్డరుకు పాతకాన్ఫిగ్ అని పేరు పెట్టి ఇంకోసారి చూడండి. రెండో కంప్యూటర్ నుంచి వచ్చిన అమరికలు ఇక్కడి సినమన్‌కు, అంటే మింట్ డెస్క్‌టాప్‌కు, పొసగకపోతే ఇది పనిచేస్తుంది. డెస్క్‌టాప్ కొత్తగా వేసినప్పటి ముఖంతో వస్తుంది. ప్యానెల్, వాల్‌పేపర్, తెలుగు కీబోర్డు అమరిక మళ్లీ పెట్టుకోవాలి. డాక్యుమెంట్లు అలాగే ఉంటాయి. పాతకాన్ఫిగ్‌ను మటుకు వెంటనే పారేయకండి, లిబ్రెఆఫీస్‌లో మీరు చేర్చుకున్న మాటలు, అమరికలు అందులోనే ఉంటాయి.

సుడో కమాండు కొట్టినప్పుడు ‘రీడ్ ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అని ఇంగ్లిష్‌లో వస్తే కథ వేరే. కరెంట్ పోయి వచ్చినప్పుడు డిస్కు మీది లెక్కలు తారుమారై, లినక్స్ జాగ్రత్తపడి ‘చదవడమే, రాయడం లేదు’ అని తలుపు వేసుకుందని అర్థం. అప్పుడు రీస్టార్ట్ చేసి, మానిటర్ మీద కంపెనీ గుర్తు కనిపించగానే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే కంప్యూటర్ ఎలా మొదలవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. దాంట్లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో రికవరీ మోడ్, అందులో ఎఫ్ఎస్‌సీకే. అది డిస్కును సరిచూసి దిద్దుతుంది. ఇదే తరచుగా జరుగుతుంటే డిస్క్స్ అనే ప్రోగ్రామ్‌లో డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు చూడండి. డిస్కే పోయే దశలో ఉంటే ఎన్ని కమాండ్లు కొట్టినా వృథా. నవంబరు వానల్లో మన వైపు కరెంట్ ఎట్లా వచ్చి పోతుంటుందో మీకు తెలుసు. షాపుకు ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం కన్నా చవకైన మందు లేదు.

ఇక లావు అక్షరాలు. ఇవి లాగిన్ తెర మీదా, మీ పిల్లవాడి అకౌంటులోనూ కూడా ఉన్నాయన్నారు. ఎవరూ లాగిన్ కాకముందే ఉన్నాయి కాబట్టి ఇది ఏ ఒక్కరి ఫోల్డర్‌కూ సంబంధించింది కాదు. పాత ఐ3లో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోపలే ఉంటుంది, దాని డ్రైవర్ లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే ఉంటుంది. డౌన్‌లోడ్ చేయాల్సిన డ్రైవర్ అంటూ ఏదీ లేదు. ఎవరైనా వెబ్‌సైట్ నుంచి డ్రైవర్ దించమంటే వద్దనండి.

మానిటర్ ప్రతిదీ తన పేరు, తాను చూపించగల సైజులు 128 బైట్ల చిన్న చీటీలో రాసుకుని ఉంటుంది. ఈడిఐడి అంటారు. కంప్యూటర్ ఆ చీటీ చదివి సైజు నిర్ణయిస్తుంది. చీటీ అందకపోతే, దేనికైనా పనికొస్తుందని 1024×768 దగ్గర ఆగిపోతుంది. మీకు వస్తున్న అంకె సరిగ్గా అదే. అందుకే నాకు కేబుల్ మీద అనుమానం.

నీలం తలకాయ ఉన్న వీజీఏ కేబుల్ అయితే దాన్ని ఊడదీసి వెలుతురులో పట్టుకుని చూడండి. మూడు వరసలు, వరసకు ఐదు పిన్నులు, మొత్తం 15. ఆ చీటీ ప్రయాణించేది 12, 15 నంబర్ల పిన్నుల మీద. రెండూ సన్నగా ఉన్న వైపు వరసలోనే ఉంటాయి. అవి వంగినా, లోపలికి పోయినా, అసలు లేకపోయినా బొమ్మ మామూలుగానే వస్తుంది, రంగులూ బాగుంటాయి, సైజు మాత్రం తెలియదు. పాత సీఆర్‌టీ మానిటర్ల నాటి కేబుళ్లలో కొన్నిటికి ఆ తీగలే ఉండవు. మధ్య వరసలో ఒక పిన్ను లేకపోతే మాత్రం కంగారు పడకండి, తొమ్మిదో పిన్ను చాలా మంచి కేబుళ్లలో కూడా ఫ్యాక్టరీలోనే ఉండదు. పాత కేబుల్ ఇంట్లో ఎక్కడో పడి ఉంటుంది, కంప్యూటర్ ఆఫ్ చేసి దాన్నే బిగించి చూడండి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న కన్వర్టర్ మధ్యలో పెట్టారా? పెట్టి ఉంటే ముందు దాన్నే అనుమానించాలి, చవకరకాలు చాలావరకు చీటీని అటు ఇటు మోయవు. మీ మానిటర్‌కూ కంప్యూటర్‌కూ రెండింటికీ హెచ్‌డీఎంఐ ఉంటే మధ్యలో ఏదీ లేకుండా నేరుగా అదే వాడండి.

కేబుల్ మార్చినా అదే 1024 అయితే ఇంకొక అనుమానం ఉంది. రిపేరు ఆయన గానీ, మింట్ వేసిన వాళ్లు గానీ నోమోడ్‌సెట్ అనే మాట పెట్టి ఉండొచ్చు. మింట్ పెన్‌డ్రైవ్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెర రాకపోతే కాంపాటిబిలిటీ మోడ్ అని ఒక దారి ఉంటుంది, అది ఈ మాటనే వాడుతుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కన పెట్టి నెట్టుకురమ్మని దానర్థం. ఒకసారికి మంచిదే, శాశ్వతంగా ఉండిపోతే సైజు పెరగదు, కంప్యూటర్ కూడా నత్తనడక నడుస్తుంది, సాఫ్ట్‌వేర్ రెండరింగ్‌లో ఉన్నానని సినమన్ హెచ్చరిక చూపిస్తుంది. ఉందో లేదో తెలియాలంటే టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే కిటికీలో, క్యాట్, స్పేస్, స్లాష్ ప్రాక్ స్లాష్ సీఎండీలైన్ కొట్టండి. వచ్చిన వరసలో ఆ మాట కనబడితే, సుడో నానో, స్పేస్, స్లాష్ ఈటీసీ స్లాష్ డిఫాల్ట్ స్లాష్ గ్రబ్ తెరిచి ఆ ఒక్క మాటను తీసేయండి. కొటేషన్ గుర్తులు ముట్టుకోకండి. కంట్రోల్ ఓ, ఎంటర్, కంట్రోల్ ఎక్స్. తరవాత సుడో, అప్‌డేట్ హైఫన్ గ్రబ్. రీస్టార్ట్.

వీడియోల్లో దీనికి ఎక్స్‌రాండర్ అనే కమాండుతో బలవంతంగా సైజు రుద్దడం చూపిస్తారు. పనిచేస్తుంది, కాదనను. కానీ కంప్యూటర్ ఆపి పెట్టగానే పోతుంది, మళ్లీ మళ్లీ కొట్టుకోవాలి, లాగిన్ తెర మీద అసలు పట్టదు. కేబుల్ మార్చగలిగే వాళ్లకు ఆ తంటా దండగ.

ఈ రెండు సమస్యలనూ విడదీసి చూపించే పరీక్ష ఇంకొకటి ఉంది. మింట్ వేసిన పెన్‌డ్రైవ్ మీ దగ్గర ఉంటే దానితోనే కంప్యూటర్ ఆన్ చేయండి, ఇన్‌స్టాల్ నొక్కకుండా ఊరికే వాడండి. అందులో అక్షరాలు సరైన సైజులో వస్తే కేబుల్, మానిటర్ బాగున్నాయి, లోపం మీ డిస్కులోని సిస్టమ్‌లో ఉంది. అందులోనూ లావుగానే వస్తే ఫార్మాట్ కొట్టినా లావుగానే వస్తుంది. రిపేరు ఆయనకు చూపించడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పైగా ఆ పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేసినప్పుడే మీ డిస్కు తెరిచి పెళ్లి కార్డులన్నీ ఇంకో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్ ఫోల్డరును ఎన్‌క్రిప్ట్ చేయమని టిక్ పెట్టి ఉంటే మాత్రం ఇలా కనబడవు. పైన చెప్పిన కమాండ్లేవీ కొట్టకముందే ఈ కాపీ తీసుకుంటే మీకు మనశ్శాంతి, నాకూ మనశ్శాంతి.

ఇలాంటి ఉత్తరాలే ఇంకొందరు రాస్తుంటారు, వాళ్ల కోసం నాలుగు మాటలు. ఎవరి అకౌంటూ తెరుచుకోకపోతే మొదట డిస్కు నిండిందేమో చూడాలి. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 అనే డిస్కు అమరికలో మామూలుగా 5 శాతం జాగా రూట్ కోసం దాచి ఉంచుతారు. అందుకే జాగా అయిపోయినా సిస్టమ్ లేస్తుంది, మీరు మాత్రం లోపలికి పోలేరు. ఎఫ్3 తెరలో సుడో ఏపీటీ క్లీన్ కొట్టి, చెత్తబుట్ట ఖాళీ చేస్తే లాగిన్ అయ్యేంత జాగా దొరుకుతుంది. అప్‌డేట్ అయిన మరునాడే మొదలైతే, ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంటే, గ్రబ్ మెనూలో పాత కెర్నెల్‌తో లేపి చూడండి. జీటీ 710 లాంటి పాత కార్డులకు 470 వరస డ్రైవరే ఆఖరిది, కొత్తవి వాటిని గుర్తించవు. సెక్యూర్ బూట్ ఉన్న కంప్యూటర్లలో డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో నీలం తెర ఒకటి వచ్చి తాళం నమోదు చేయమంటుంది. అది చదవకుండా ఎంటర్ కొట్టేస్తే డ్రైవర్ లోడ్ కాదు.

ఉబుంటు అనే ఇంకో రకం లినక్స్ వాడేవాళ్లు ఎక్స్అథారిటీ ఫైలు వెంట పడకండి. అక్కడ లాగిన్ చూసుకునేది జీడీఎం, ఆ ఫైలును మీ ఫోల్డర్లో పెట్టదు. ఉబుంటు 24.04 వెర్షన్‌లో అయితే పేరు నొక్కాక కుడి పక్క కింద పళ్లచక్రం గుర్తులో ‘ఉబుంటు ఆన్ ఎక్స్ఆర్గ్’ ఎంచుకుని చూడొచ్చు, 25.10 నుంచి ఆ దారి తీసేశారు. ఇక తెలుగు టైపింగ్ చేసేవాళ్లకు ప్రత్యేకం: పాస్‌వర్డ్ తప్పు, తప్పు అంటూ వస్తుంటే లాగిన్ తెర పైన కీబోర్డు భాష చూడండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో ఉండిపోయి ఉంటుంది. మీరు కొట్టేది ‘క’, ‘ర’, కనబడేది చుక్క.

మీ దగ్గరికి మళ్లీ వస్తాను. అంతా బాగయ్యాక టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్ మింట్‌లో ముందే ఉంటుంది, అది తెరిచి సిస్టమ్ నకలు ఒకటి తీసి పెట్టండి. అది మామూలుగా సిస్టమ్‌ను మాత్రమే దాస్తుంది, మీ పెళ్లి కార్డులను కాదు. వాటికి వేరే డ్రైవ్ ఉండాలి. మూడువందల రూపాయల టికెట్లు విడుదలయ్యే రోజు పొద్దున అప్‌డేట్ మేనేజర్ ముట్టుకోకండి, షాపు నిండా జనం ఉండగా రీస్టార్ట్ అడిగితే మీరూ ఇబ్బంది పడతారు, వాళ్లూ పడతారు.

పాత డిస్కులో ఇంకా తెచ్చుకోవాల్సినవి మిగిలి ఉంటే మీ ఆడబిడ్డ కొడుకునే పిలవండి, తిట్టకండి, కాపీ చేయడం తప్పు కాదు. ఈసారి ఎర్ర పట్టీ లేని మామూలు కిటికీలో, మీ అకౌంటులోనే ఉండి, పాత ఫోల్డర్లోపలికి పోయి డాక్యుమెంట్స్, పిక్చర్స్, ఫాంట్లు ఉన్న ఫోల్డరు మాత్రం ఒక్కొక్కటిగా తెచ్చుకోమనండి. చుక్కతో మొదలయ్యేవి వద్దు. అనుమతి లేదని ఏదైనా ఫోల్డరు మొండికేస్తే దాన్ని మాత్రం ఎర్ర కిటికీలో తెచ్చి, తరవాత పైన చెప్పిన యజమాని కమాండు ఇంకోసారి కొట్టించండి.